మా కారుకు మూడు కళ్ళు

మనిషికి బ్రహ్మ రెండే కళ్ళు పెట్టాడు. ఆ రెండూ ముందువైపే పెట్టాడు. వెనక ఏం జరుగుతుందో తెలియాలంటే మెడ తిప్పాలి. మెడ తిప్పితే ముందు ఏం జరుగుతుందో తెలియదు. కాలినడకన పోయేవాడికి ఈ ఏర్పాటు సరిపోయింది. ఎద్దులబండి తోలేవాడికీ సరిపోయింది. తన కళ్ళు మూతపడ్డా ఎద్దుల కళ్ళు తెరిచే ఉంటాయి గనుక బండి ఇంటికి చేరేది. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో హైవే మీద పోయేవాడికి మాత్రం ఈ రెండు కళ్ళూ చాలడం లేదు. ఇంద్రుడికి వెయ్యి కళ్ళు, శివుడికి మూడు అని పురాణాల్లో చదువుకుని సంతోషించాం గాని, ఆ మూడో కన్ను అట్టపెట్టెలో మన ఇంటికే వస్తుందని ఎవరనుకున్నారు?

మొన్న వేసవి సెలవుల్లో రామగిరిలో మా చిన్నాయన కారుకు మూడు కెమెరాల డాష్‌క్యామ్ బిగించాం. ఒకటి ముందు రోడ్డును చూస్తుంది, ఒకటి కారు లోపల చూస్తుంది, ఒకటి వెనక అద్దంలోంచి చూస్తుంది. తాళం తిప్పగానే మూడూ రాయడం మొదలుపెడతాయి. చిత్రగుప్తుడికి ముగ్గురు గుమాస్తాలను ఇచ్చినట్టు.

మా ఊరు తెలియని మిత్రులకు ఒక మాట. రామగిరి శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. 2022లో జిల్లాలు విడదీయక ముందు అనంతపురం జిల్లా. ఒకప్పుడు బంగారు గనుల ఊరు. భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ 2001లో మూతపడడంతో ఆ బంగారం కథ ముగిసింది. 1990లలో కొండల మీద గాలిమరలు లేచాయి. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం మొదలైంది. భూమిలో బంగారం, కొండ మీద గాలి, హైవే పక్కన కార్లు. ఇన్ని ఉన్నా మా చిన్నాయనది మాత్రం రెండు చేతులు మారిన పాత కారే. దాన్ని బాడుగకు తిప్పుతాడు. ధర్మవరం స్టేషనుకు ప్రయాణికులను, పట్టుచీరల మూటలతో వ్యాపారులను, పుట్టపర్తి ఆస్పత్రికి రోగులను, బెంగళూరు విమానాశ్రయానికి విదేశాలకు పోయే పిల్లలను దించి వస్తుంటాడు.

అట్లాంటి మనిషికి ఈ కెమెరాల పిచ్చి ఎందుకు పట్టిందంటే, దానికొక కథ ఉంది.

పోయిన సంవత్సరం ఒక అడ్డరోడ్డు దగ్గర ఒక కుర్రవాడు ఎదురుదారిలో బైకు తోలుకుంటూ వచ్చి మా చిన్నాయన కారు పక్కకు గుద్దుకుని పడిపోయాడు. కాలికి దెబ్బ తగిలింది. మా చిన్నాయనే వాణ్ణి కార్లో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు. తిరిగి వచ్చేసరికి అక్కడ ఇరవై మంది పోగయ్యారు. గుద్దినప్పుడు చూసినవాడు ఒక్కడూ లేడు. చెప్పేవాళ్ళు మాత్రం ఇరవై మందీ ఉన్నారు. పెద్ద బండి వానిదే తప్పు అన్నది మన రోడ్లన్నిటికీ ఒకటే చట్టం. చివరికి పంచాయతీలో పన్నెండు వేలు కట్టాడు. ఆ సంగతి ఎప్పుడు వచ్చినా ఆయన అనేది ఒకటే మాట.

"దెబ్బ తగిలిన పిల్లోనికి ఇచ్చినందుకు నాకేం బాధ ల్యా. వాని కాలు నయమైతే అంతే సాలు. తప్పు నాదేనని నా నోటితోనే చెప్పించినారు సూడు అబ్బోడా, అదిరా పోయ్యేది కాదు."

ఈ మాట విన్నప్పుడల్లా నాకు లేపాక్షి గుర్తొస్తుంది. మాకు ఎంతో దూరం కాదు, హిందూపురం దాటితే వస్తుంది. పదహారో శతాబ్దంలో అచ్యుతదేవరాయల కాలంలో అక్కడ వీరభద్రస్వామి గుడి కట్టించినవాడు విరుపణ్ణ అంటారు. రాజుగారి ఖజానా సొమ్ము అనుమతి లేకుండా గుడికి ఖర్చు చేశాడని నింద పడిందట. కళ్ళు పీకించాలని శిక్ష పడిందని విని, తానే కళ్ళు పెరికి గోడకు కొట్టాడట. ఆ ఎర్రటి మరకలను ఇప్పటికీ గోడమీద చూపిస్తారు. ఇందులో చరిత్ర ఎంతో, కట్టుకథ ఎంతో పండితులు తేల్చుకోనీ. నాకు మాత్రం అది సాక్షి లేని మనిషి కథలా కనిపిస్తుంది. తన నిజాయితీ చెప్పేవాడు ఎవడూ లేకపోతే మనిషి ఎంతకు తెగిస్తాడో చెప్పే కథ అది. మా చిన్నాయన అంతదాకా పోలేదు గాని, పోయిన పన్నెండు వేలకు ఇంకో పన్నెండు వేలు జత చేసి మూడు కళ్ళు కొన్నాడు.

ఇక బిగించే పని నామీద పడింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేవాడికి రేడియో, మిక్సీ, మోటారు, కారు అన్నీ తెలిసి ఉంటాయని మా ఊరి నమ్మకం.

పెట్టె విప్పితే ముందు కెమెరా, దానికి అంటుకునే లోపలి కన్ను, వెనకకు వేరే చిన్న కెమెరా, ఆరు మీటర్ల వైరు, అంటించే పట్టీలు, మూడు వైర్ల ఫ్యూజు కట్ట ఒకటి, చీమ తలకాయంత అక్షరాలతో ఒక కాగితం. కొనేముందు నేను పట్టుబట్టింది ఒక్క విషయానికే: లోపల లిథియం బ్యాటరీ ఉన్నది వద్దు, కెపాసిటర్ ఉన్నది కావాలి అని. మా దిక్కు ఎండాకాలంలో నీడలోనే నలభై డిగ్రీలు దాటుతుంది. అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన కారు లోపల రాగిముద్దను తిరిగి ఉడకబెట్టవచ్చు. ఆ వేడికి చిన్న బ్యాటరీలు ఉబ్బుతాయి. కెపాసిటర్ దాచుకునే కరెంటు తక్కువే. తాళం తీశాక చివరి ముక్కను భద్రంగా రాసి ముగించడానికి చాలు. కాని వేడిని తట్టుకుంటుంది.

ఎండ ముదరకముందే ఆరుగంటలకు పని మొదలుపెట్టాం. ముందు అద్దాన్ని స్పిరిట్‌తో తుడిచి, నడుమ ఉండే అద్దం వెనక, తోలేవాడి చూపుకు అడ్డం రాకుండా ముందు కెమెరా అంటించాం. అది వైపర్ తుడిచే జాగాలోనే ఉండాలి. లేకపోతే వానలో కన్ను ఉండీ గుడ్డిదే. వైరును పైకప్పు గుడ్డ అంచులోకి దోపి, తలుపు రబ్బరు కిందుగా వెనక్కు తీసుకుపోయాం. ఇక్కడొక హెచ్చరిక. కొత్త కార్లకు పక్క స్తంభాల్లో, పైకప్పు అంచుల్లో ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. వాటికి ముందుగా వైరు లాగితే, అవసరం పడ్డ క్షణంలో ఎయిర్‌బ్యాగుకు వైరు అడ్డం పడుతుంది. అట్లాంటి కార్లకు తెలిసిన మెకానిక్కు చేతే చేయించాలి. మాది పాత కారు గనుక ఆ చిక్కు లేదు. వెనక కెమెరాను వెనక అద్దానికి లోపలివైపు, మంచు కరిగించే గీతలకు తగలకుండా అంటించాం.

అసలు పరీక్ష ఫ్యూజు పెట్టె దగ్గర. మూడు వైర్లు: నల్లది బాడీకి, ఎర్రది తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకు, పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకు. ఏది ఎప్పుడూ ఉండేదో, ఏది తాళంతో వచ్చేదో మీటరు పెట్టి వెతికాను. ఎర్రది చూసి కెమెరా తోలుతున్నామని తెలుసుకుంటుంది. పసుపుది ఉంటే కారు నిలిపి ఉన్నప్పుడు కూడా కాపలా కాస్తుంది. కాపలా కాస్తున్నప్పుడు మా మీటరులో 0.3 ఆంపియర్ చూపింది. రాత్రి పన్నెండు గంటలకు 3.6 ఆంపియర్ గంటలు. మా బ్యాటరీ 35 ఆంపియర్ గంటలది. అంటే ఒక్క రాత్రికి పదో వంతు. రెండు మూడు రోజులు కదలకుండా ఉంటే తెల్లారి కారు స్టార్టు కాదు. అందుకని బ్యాటరీ 12.2 వోల్టులకు దిగితే తనంతట తాను ఆగిపోయేట్టు పెట్టాం. కావలివాడు కూడా ఇంటి బియ్యమంతా తినేయకూడదు కదా!

పదకొండు గంటలకు తాళం తిప్పితే కెమెరాలోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో "రికార్డింగ్ స్టార్టెడ్" అన్నది. వాకిట్లో చేటలో బియ్యం చెరుగుతున్న మా చిన్నమ్మ చేయి ఆగిపోయింది.

"ఎవురబ్బా కార్లో ఆయమ్మ?"

ఆ సంజాయిషీ ఇచ్చుకోవడానికి మా చిన్నాయనకు అరగంట పట్టింది. ఆ గొంతును మాన్పించడం నేను నేర్చుకున్న మొదటి విద్య.

రెండో విద్య గడియారం దిద్దడం. పెట్టెలోంచి వచ్చినప్పుడు అది గ్రీనిచ్‌కు ఎనిమిది గంటలు ముందున్న చైనా కాలంలో ఉంది. మనది అయిదున్నర. అంటే పొద్దున పదిగంటలకు జరిగింది పన్నెండున్నరకు జరిగినట్టు రాస్తుంది. వేళ తప్పు చెప్పే సాక్షిని ఏ ప్లీడరైనా మొదటి ప్రశ్నకే కూర్చోబెడతాడు.

మూడోది జ్ఞాపకశక్తి లెక్క. ముందు కన్ను సెకనుకు 20 మెగాబిట్లు, మిగతా రెండూ తలా 10 చొప్పున రాస్తున్నాయి. మొత్తం 40 మెగాబిట్లు, అంటే 5 మెగాబైట్లు. గంటకు 18 గిగాబైట్లు. మేం పెట్టిన 128 గిగాబైట్ల కార్డుకు ఇది ఏడు గంటల మేత. ఆపైన పాతది చెరిపి కొత్తది రాసుకుంటూ పోతుంది. అందువల్ల ఫోన్లలో వాడే మామూలు కార్డు నిలవదు. పదేపదే రాయడానికే చేసిన గట్టి కార్డు కావాలి. ఏదైనా గుద్దుకున్న అదురు తగిలితే మాత్రం ఆ ముక్కను చెరపకుండా తాళం వేసి దాస్తుంది. మంచి ఏర్పాటే. కాని ఆ అదురును కనిపెట్టే యంత్రాన్ని తయారుచేసినవాళ్ళు మా పల్లెరోడ్లు చూసి ఉండరు. రామగిరి నుంచి హైవే ఎక్కేలోపల ప్రతి గుంతా దానికి ఒక ప్రమాదమే! ఒక్క పూటలో పదిహేడు ముక్కలు దాచిపెట్టింది. దాని సున్నితత్వాన్ని అడుగుకు తగ్గించాక గాని దానికి రాయలసీమ అలవాటు కాలేదు.

పగటిపూట బొమ్మ అద్దంలా ఉంది. ముందు పోయే లారీ నెంబరు, దాని వెనక రాసిన నీతివాక్యం రెండూ చదవవచ్చు. రాత్రి మాత్రం అంత నమ్మకం పెట్టుకోకూడదు. లైట్ల వెలుతురు పడి నెంబరు పలక తెల్లగా వెలిగిపోతుంది, అంకెలు కనబడవు. ఎదురుగా వచ్చే బండి నెంబరు సంగతి చెప్పనక్కరలేదు. వాడి ఎనభై, మన ఎనభై కలిసి నూట అరవై వేగంతో మన పక్కనుంచి పోతాడు. వెనక కన్నుకు ఎర్రదుమ్ము ఒక్క రోజులో కాటుక పెడుతుంది. ఎవరు ఎటునుంచి వచ్చారు, ఎవరు ఎవరి దారిలో ఉన్నారు అన్నది మాత్రం రాత్రయినా స్పష్టంగా చెబుతుంది. మా చిన్నాయనకు కావలసింది అదే.

చూడదలచుకోనివి కూడా చూడడం ఈ కళ్ళ గుణం. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్‌స్క్ మీద ఉల్క పేలినప్పుడు, పనికి పోతున్న మామూలు జనం కార్లలోని కెమెరాలు దాన్ని పట్టుకున్నాయి. వాటిని ముందుపెట్టుకుని శాస్త్రజ్ఞులు ఉల్క వచ్చిన దారిని లెక్కగట్టారు. 2015లో తైపేలో విమానం ఒకటి వంతెనను రాసుకుంటూ నదిలో కూలడాన్ని కూడా ఒక కారు కెమెరానే చూసింది. రోడ్డు మీద దొంగసాక్షుల కోసం పెట్టుకున్న కన్ను ఆకాశానికి సాక్ష్యం చెప్పింది. మన దేశంలోనూ 2023లో వచ్చిన హ్యుందాయ్ ఎక్స్‌టర్‌లో కొన్ని రకాలకు ముందూ లోపలా చూసే కెమెరాలు కంపెనీలోనే బిగించి ఇచ్చారు.

ముందు, వెనక కళ్ళతో మాకు పేచీ లేదు. పేచీ అంతా లోపలి కన్నుతోనే. దానికి చీకట్లోనూ కనిపించే పరారుణ దీపాలున్నాయి. కార్లో కూర్చున్న అందరూ కనిపిస్తారు, మాటలు వినిపిస్తాయి. మొదటి సాయంత్రం ఫోనులో ఆ బొమ్మ చూపిస్తే అందరూ "ఎంత బాగుండాది!" అన్నారు. మా చిన్నమ్మ ఒక్కతే అనలేదు.

"ఈ కార్లో పురిటినొప్పులతో ఆడబిడ్డలు వస్తారు. సావుకబురు విని ఏడ్సుకుంటా పోయేటోళ్ళు వస్తారు. అత్తగారింటి నుంచి పుట్టింటికి పొయ్యే పిల్ల నాలుగు మాటలు తల్లితో చెప్పుకుంటాది. వాళ్ళ ఏడుపులు నీ పెట్టెలో ఎందుకురా దాచేది? బాడుగ ఇచ్చింది కూచునేదానికి గాని, కనబడేదానికి కాదు కదా."

మూడో తరగతితో చదువు ఆపేసిన మా చిన్నమ్మ చెప్పింది, సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులు కూర్చుని 2017 ఆగస్టు 24న చెప్పిన మాట చుట్టుపక్కలదే. ఏకాంతం మనిషి ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో ఆ ధర్మాసనం తేల్చింది. కార్లో జరిగే గొడవలకు సాక్ష్యం కావాలన్న మా చిన్నాయన భయమూ అబద్ధం కాదు. తాగి ఎక్కేవాళ్ళుంటారు, డబ్బులివ్వకుండా దిగేవాళ్ళుంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఇంట్లో ఆ రాత్రి అన్నాలు ఆలస్యమయ్యాయి.

చివరికి మా చిన్నాయనే తెగ్గొట్టాడు. "దాన్ని నా మిందికే తిప్పు నాయనా. నేను తోలేది, నా పక్కన అద్దంలో కనబడే రోడ్డు, అంతవరకు రాస్తే సాలు. ఎనకాల కూచున్నోళ్ళ జోలి వద్దు." లోపలి కన్ను తిరిగేదే గనుక అట్లాగే తిప్పాను. మాటలు రాసుకోకుండా మైకు ఆపేశాను. 'ఈ కారులో కెమెరా ఉంది. డ్రైవరును, రోడ్డును మాత్రమే చూస్తుంది. మాటలు వినదు' అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ముందు సీటు వెనక అంటించాను. చదువు వచ్చినవాళ్ళు చదువుకుంటారు, రానివాళ్ళకు ఆయనే చెబుతాడు.

నాలుగో రోజున బెంగళూరు విమానాశ్రయం బాడుగ వచ్చింది. రాత్రి ఒంటిగంటకు వాళ్ళను దించి, ఉత్త కారుతో వెంటనే తిరిగి బయలుదేరి తెల్లవారుజామున ఇల్లు చేరాడు. మధ్యాహ్నం కార్డు తీసి ఇద్దరం చూస్తున్నాం. వెనక కన్నులో దూరమయ్యే లైట్లు, ముందు కన్నులో పరుచుకున్న హైవే. లోపలి కన్నులో నలుపు తెలుపుల్లో మా చిన్నాయన. మూడున్నర దాటింది. ఆయన రెప్పలు మెల్లగా దిగాయి. దిగి, అక్కడే ఉన్నాయి. తల ఒక్కసారి ముందుకు వాలి, ఉలిక్కిపడి లేచింది. ముందు కన్నులో కారు తెల్లగీతను దాటి మళ్ళీ లోపలికి వచ్చింది. అంతా కలిపి రెండు సెకన్లు.

"మళ్ళీ ఒకసారి పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆ వేగానికి రెండు సెకన్లంటే నలభై నాలుగు మీటర్లు. నేను లెక్క చెబితే ఆయనేం మాట్లాడలేదు. అట్లా నిద్ర తూగినట్టు ఆయనకు గుర్తే లేదు. ఎవరైనా చెప్పి ఉంటే ఒప్పుకునేవాడూ కాదు. ముప్పై ఏళ్ళ స్టీరింగు అనేవాడు. ఇక్కడ కాదనడానికి ఇరవై మంది సాక్షులు లేరు. తన ముఖమే తన ముందుంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. రోజుకు 460 మందికి పైగా. పేపర్లో చదివినప్పుడు అది అంకె. ఆ మధ్యాహ్నం మా పడసాలలో అది నలభై నాలుగు మీటర్లు.

ఆ తరువాత మా చిన్నాయన ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. అర్ధరాత్రి బాడుగకు పోతే, దించిన చోటే కారు పక్కకు పెట్టి రెండు గంటలు పడుకుని వస్తున్నాడు. పోయినవారం వెంటవెంటనే రెండు రాత్రుల బాడుగ వస్తే రెండోది వదులుకున్నాడు. మా ఇంట్లో బాడుగ వదులుకోవడం చిన్న మాట కాదు.

ఇక కొనదలచుకున్న మిత్రుల కోసం చట్టం సంగతి ఒకటి. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులోకి వచ్చింది. దాని 63వ సెక్షన్ ప్రకారం ఇట్లాంటి రికార్డును కోర్టులో పెట్టాలంటే ఒక ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ సంఖ్య కూడా రాయాలి. ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. కనుక ఏదైనా జరిగితే ముందు కార్డు బయటికి తీసి భద్రం చేయండి. లేకపోతే ఏడు గంటల్లో సాక్షి తన సాక్ష్యాన్ని తానే మింగేస్తుంది. వాట్సాప్‌లో పంపి అదే దాచుకున్నాం అనుకోవద్దు; పంపేటప్పుడు బొమ్మ కుదించుకుపోతుంది, అసలు ఫైలు అది కాదు.

ఇంతవరకు మా మూడు కళ్ళకు కోర్టుకు పోయే పని పడలేదు, పడకూడదనే కోరుకుంటాం. పన్నెండు వేల నింద తుడిచే సాక్ష్యం కూడా అవి తేలేదు. అది జరిగినప్పుడు అవి లేవు. ఎదుటివాడి తప్పు పట్టుకోవడానికి కొన్నవి మొదట మన ఇంటి మనిషినే పట్టుకున్నాయి. పట్టుకుని, బతికించాయేమో కూడా. మీరు కొంటే మూడు కళ్ళవే కొనండి. కాని లోపలి కన్ను ఎటు తిప్పాలో మాత్రం బిగించేముందు ఇంట్లో ఆడవాళ్ళను ఒక మాట అడగండి.